ఒకే కొండ... రెండు చట్టాలు!

జెరూసలెం దాటి జెరికో దారి పట్టగానే పచ్చదనం సన్నగిల్లి, ఎడారి మొదలవుతుంది. ఆ బోడికొండల మీద తెల్లటి మేడలూ ఆలివ్ చెట్లూ కనిపిస్తే... అదే మాలే అదుమీమ్! హీబ్రూలో 'ఎర్రని ఎగువదారి' అని అర్థం. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లో, 1975లో కొద్ది కుటుంబాలతో మొదలైన ఈ కాలనీ 1991లో నగరమైంది. ఇప్పుడు జనాభా 38 వేల దాకా ఉంటుంది.

పిల్లలు బడికీ, పెద్దల్లో చాలామంది జెరూసలెంలో ఉద్యోగాలకూ వెళ్తారు. శుక్రవారం పొద్దుగూకేసరికి దుకాణాలు మూసేసి సబ్బాతు దీపాలు వెలిగిస్తారు. మేయర్‌ని జనమే ఎన్నుకుంటారు. చెత్త ఎత్తడం నుంచి పార్కుల దాకా అన్నీ పురపాలక సంఘమే చూస్తుంది. ఆ సంఘానికి అధికారమిచ్చింది మాత్రం సైనిక కమాండర్ ఉత్తర్వే!

పక్కనే పాలస్తీనియన్ల ఊరు అల్ ఐజరియా. బైబిల్లో లాజరు ఊరు బేతనియ ఇదే. రాయి విసిరిన కేసులో పట్టుబడితే ఇక్కడివారికి పౌర న్యాయస్థానం, అక్కడివారికి సైనిక న్యాయస్థానం. వీరు ఇజ్రాయెల్ పార్లమెంటుకు ఓటేస్తారు. వారికి ఆ ఓటు లేదు.

ఈ కాలనీలు చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లోనూ, 2024లోనూ చెప్పింది. ఇజ్రాయెల్ ఒప్పుకోదు. పైగా 2025 ఆగస్టులో, ఈ నగరానికీ జెరూసలెంకూ నడుమ సుమారు 3,400 ఇళ్లు కట్టే 'ఈ-1' ప్రణాళికను ఆమోదించింది. అవి లేస్తే వెస్ట్ బ్యాంక్ రెండు ముక్కలవుతుందని పాలస్తీనియన్ల భయం. ఇప్పుడు అందరి కళ్లూ ఆ కొండల మీదే!