కాశీయాత్రకు వాహన నిర్ణయం

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న స్వస్థలం చేరారు. పల్లకీలు, బోయీలు, డేరాలు, పరివారంతో హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా సాగిన ఆ ప్రయాణమే ‘కాశీయాత్ర చరిత్ర’ గ్రంథమైంది. పగలు మోయడానికి పల్లకీ, రాత్రి విశ్రమించడానికి డేరా. ఆ రెండు ప్రయోజనాలూ ఒక్క వాహనంలో సమకూరితే అదే నేడు అద్దెకు లభించే క్యాంపర్‌వ్యాన్.

రాబోయే మాఘమాసంలో మా అమ్మగారిని హైదరాబాదు నుండి ఆ మార్గంలోనే కాశీకి తీసుకొనిపోవాలని సంకల్పించాము. ఆమెకు ఎనుబదియొక్క సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పుల వలన రైలు ఎక్కి దిగడం దుష్కరం. అలసినప్పుడు ఆగి, మేను వాల్చి, మరల కదిలే సౌలభ్యం కావాలి. అందువలన మా అబ్బాయి రెండు వాహనాలు చూపించాడు. మొదటిది విశాలమైనది, వంటకు చక్కని అరుగు ఉన్నది, శౌచాలయం లేదు. రెండవది ఇరుకైనది, శౌచాలయం ఉన్నది, అయితే పొయ్యికి మూరెడు దూరంలోనే ఉన్నది.

వేదపాఠశాలలో బాల్యం నుండి అలవడిన ఆచారం నన్ను మొదటి వాహనం వైపే లాగింది. పాకశుద్ధి లేనిచోట నైవేద్యం ఎట్లా? దేవతార్చన సంపుటాన్ని ఎక్కడ ఉంచాలి? అమ్మగారు కూడా దానినే సమర్థించారు. “దారిలో నీళ్ళు త్రాగడం తగ్గించుకుంటే సరిపోతుంది నాయనా. నా కోసం నీ మడి చెడుకోవద్దు” అన్నారు.

ఆ మాట విన్న తరువాత నా విచారణ మరొక దిశకు మళ్ళింది. మన ఇండ్లలోని స్త్రీలు తరతరాలుగా ప్రయాణమంటే దాహాన్ని అణచుకుంటూనే ఉన్నారు. ఇది ఏ శాస్త్రమూ విధించని ఉపవాసం. వృద్ధాప్యంలో నీరు తగ్గితే కళ్ళు తిరుగుతాయి, మూత్రకోశ వ్యాధులు కలుగుతాయి. కాశీ చేరకముందే ఆమె శరీరం శుష్కిస్తే, నేను రక్షించిన మడికి ఫలమేమి?

ప్రవాసంలో, వ్యాధిలో, ఆపదలో ముందు దేహాన్ని రక్షించుకొని పిదప ధర్మాన్ని ఆచరించవలెనని పరాశరస్మృతి అభిప్రాయం. కఠోపనిషత్తు శరీరాన్ని రథమనీ, బుద్ధిని సారథి అనీ, మనస్సును పగ్గమనీ, ఇంద్రియాలను గుర్రాలనీ నిరూపించింది. ఆత్మ రథికుడు అయినంత మాత్రాన రథం ఉపేక్షణీయం కాదు. ఇరుసు విరిగిన రథంలో గమ్యం చేరే రథికుడెవరు?

అందుచేత రెండవ వాహనాన్నే నిశ్చయించాము. లోపలి పొయ్యి వెలిగించము. సత్రాలలోనో, చెట్టు నీడన చిన్న గ్యాసు పొయ్యి మీదనో వంట సాగుతుంది. సంపుటం ముందు భాగంలో, తెరకు ఇవతల ఉంటుంది. ఆగిన చోట స్నానానంతరం అర్చన జరుగుతుంది. బయట వండినదే భుజిస్తానన్న నియమం మీద అమ్మగారు సమ్మతించారు. నీళ్ళు మాత్రం మానకూడదని నేనూ ఒక నియమం పెట్టాను. ఆచారపు శ్రమ శక్తి ఉన్న నాపై పడింది, అది న్యాయమే.

ఇటువంటి యాత్ర తలపెట్టేవారికి కొన్ని సూచనలు. అద్దె నిశ్చయించక ముందే మీలో అత్యంత అశక్తులైన వారిని ఆ వాహనం వద్దకు తీసుకొనిపోండి. మెట్టు ఎక్కగలరా, పడకపై నుండి తామే లేవగలరా, రాత్రివేళ పట్టుకోవడానికి ఆధారం ఉన్నదా చూడండి. నూరు లీటర్ల నీటి తొట్టి నిండితే నూరు కిలోల బరువు పెరుగుతుందని గుర్తుంచుకోండి. డ్రైవరుతో సహా ఇచ్చే వాహనానికి పసుపు పలకపై నల్లని అక్షరాలు, మనమే నడుపుకొనే అద్దె వాహనానికి నల్లని పలకపై పసుపు అక్షరాలు ఉండాలి. తెల్లని పలక గల సొంత వాహనాన్ని అద్దెకు తీసుకుంటే ప్రమాద సమయంలో బీమా వర్తించకపోవచ్చు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రవేశానికి తగిన పర్మిట్టు ఉన్నదో లేదో కాగితం చూచి నిర్ధారించుకోండి.

శౌచాలయపు తొట్టిని ఎట్లా ఖాళీ చేయాలో యజమాని చేత చేయించి చూడండి. జబల్పూరు సమీపంలో నర్మదను, ప్రయాగలో గంగా యమునలను దర్శిస్తాము. జలంలో మలమూత్రాలు విడువరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం నిషేధించింది. ఆ తొట్టిని మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి, ఎంత ఆలస్యమైనా సరే. పొయ్యి విషయంలో సడలింపు ఉన్నది, నది విషయంలో లేదు.

స్వస్తి.