చక్రముల మీది ఇల్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పుదురు. కట్టిన ఇల్లు కట్టినచోటనే యుండును. యజమాని పోయినచోటికెల్ల వెంటవచ్చు ఇంటిని నిలుపుకొనుట ఎంత కష్టమో ఆ సామెత చెప్పలేదు.

పాశ్చాత్య దేశములలో ఇట్టి ఇండ్లు క్రొత్తవి కావు. 1885వ సంవత్సరమున గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు గుఱ్ఱములు లాగు గదిబండిలో బ్రిటనునందు సుదీర్ఘ ప్రయాణము చేసెను. 1966లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున విన్నెబాగో సంస్థ మోటారు ఇండ్లను తయారుచేయ నారంభించెను. పడక, వంటపొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి అన్నియు ఒక్క బండిలోనే యుండును. క్రొత్తబండి వెల మిక్కుటము. కావున పెక్కుమంది పాతవానినే కొందురు.

ఉద్యోగము విరమించిన అమెరికా దంపతులు కొందఱవలె ఒక జంట తమ ఇల్లమ్మి, పదునెనిమిదేండ్ల పాతబండిని కొనెను. ప్రతి ఖర్చును, ప్రతి మరమ్మతును భార్య యొక పుస్తకమున వ్రాయసాగెను.

అరగని టైర్లను చూచి భర్త మురిసెను. కాని టైరు ప్రక్కన అచ్చొత్తిన సంఖ్యలో చివరి నాలుగంకెలు అది తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. తిరుగకున్నను రబ్బరు ముసలిదగును. పదేండ్లు దాటినవని తెలిసి వానిని మార్పించిరి. 150 లీటర్ల నీరు నింపినచో 150 కిలోల బరువు పెరుగునని గ్రహించి, కావలసినంతయే నింపుకొనిరి. వాయువుతో నడచు శీతలపేటిక వాలుగా నున్నచో సరిగా పనిచేయదు. కావున ఆగినచోటనెల్ల రసమట్టము పెట్టి చూచిరి. గడ్డకట్టిన నీరు గొట్టములను పగులగొట్టును గనుక, గట్టిచలికి ముందే నీటిని వదలివేసిరి.

వసంతమున ఒకరాత్రి పెద్దవాన కురిసెను. మంచముపై గోడమూలన అరచేతియంత మరక కనబడెను. క్రొత్తగా అంటించిన రంగుకాగితము తొలగించి చూడగా, లోపలి కొయ్య వ్రేలితో నొక్కినంతనే పొడి యయ్యెను. పైకప్పు అతుకున పూసిన బంక ఎండి నెఱ్ఱెలు వాఱినది. అమ్మినవాడు మరకను కప్పిపుచ్చెను. తిరిగి పోవుటకు వారికి వేఱొక ఇల్లు లేదు.

“మనమును కాగితమంటించి అమ్మివేయుదము” అని భర్త నిస్పృహతో ననెను.

భార్య కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “వచ్చేడి వానలో ఈ మంచముపై పండుకొనువారెవరు? వారికిని మనవలె వేఱు ఇల్లు లేకున్నచో?” అని యడిగెను.

భర్త బదులు చెప్పలేదు. మఱునాడు ఱంపము తెచ్చెను. కుళ్ళిన కొయ్యను కోసివేసి, క్రొత్తది బిగించి, అతుకులన్నింటికి మరల బంక పూయుటకు ఆఱువారములు పట్టెను. వైద్యమునకై దాచుకొన్న సొమ్ములో కొంత కరగిపోయెను.

ఏడాది నిండినది. బండి వెలలో మూడవవంతు మరమ్మతులకే అయినదని పుస్తకము తెలిపెను. అందులోనే ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ చెంత గడపిన శీతకాలపు ఉదయములు, కొలరాడో కొండలలో చూచిన మంచు, అడుగకయే పనిముట్లిచ్చిన పొరుగువారి పేర్లు కూడ నుండెను. ఖర్చుల మొత్తము క్రింద గీత గీసి, ఆమె క్రొత్తపుట త్రిప్పెను. రెండవయేటి మొదటి పంక్తిలో ఇట్లు వ్రాసెను: “వానలకు ముందు పైకప్పు చూడవలెను.”