ఒక్క బస్సు దూరం

పెళ్ళిసంబంధాల సైట్లు తెరిస్తే ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి: ఈ ప్రొఫైల్ ఎవరి కోసం? కింద జాబితా ఉంటుంది. నా కోసం, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బంధువు, స్నేహితులు. నేను చూసినవాటిల్లో అమ్మ అనే మాట కనబడలేదు. అత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. 'బంధువు' అని నొక్కాను.

ఆ బంధువు మా మేనత్త. అరవై రెండేళ్ళు. తార్నాకలో ఒక్కతే ఉంటుంది. మావయ్య తపాలాశాఖలో చేసి రిటైరయ్యారు, పోయి ఆరేళ్ళయింది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. "పెళ్ళీ గిళ్ళీ అని కాదురా. సాయంత్రం పూట మాట్లాడుకుంటూ నడవడానికి ఒక మనిషి ఉంటే బావుండునని. ఏ సైటు మంచిదో చూసి చెప్పు, కంప్యూటర్లవాడివి కదా" అంది. మిక్సీ ఏ కంపెనీది కొనాలని అడిగినంత మామూలుగా అడిగింది.

ఒక ఫారంలో ఏ గడులు తప్పనిసరో చూస్తే, దాన్ని తయారుచేసినవాళ్ళ మనసులో ఎవరున్నారో తెలిసిపోతుంది. మా వృత్తిలో అబ్బిన చూపు ఇది. కులం, గోత్రం, ఎత్తు, జీతం, పిల్లలుంటే మీతో ఉంటున్నారా లేదా. ఇవన్నీ కొత్తగా సంసారం పెట్టబోయేవాళ్ళ గడులు. అత్తయ్య సంసారం చేసింది, పిల్లాణ్ణి పెంచింది, విమానం ఎక్కించింది. ఇప్పుడు ఆమె గోత్రం ఎవరికి కావాలి?

సరే అని డేటింగ్ యాప్‌ల వైపు వెళ్ళాను. టిండర్ 2012లో అమెరికా కాలేజీ పిల్లల మధ్య పాకిన యాప్. ఫొటో చూడ్డం, కుడికో ఎడమకో తోసెయ్యడం. వయసు గీతని అరవై దాటించగానే మనుషులు పల్చబడిపోయారు. దూరం గీతని వంద కిలోమీటర్లకి లాగితే, యాప్ లెక్కలో జనగామ కూడా తార్నాకకి దగ్గరే.

అత్తయ్య లెక్క వేరు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని ఆమె ఊరంతా తిరుగుతుంది. "బస్సు మారకుండా వెళ్ళగలిగితే దగ్గర. మారాల్సొస్తే దూరం" అంటుంది. యాప్ భూగోళం మీద రెండు చుక్కల మధ్య గీత గీసి కొలుస్తుంది. ఆ దూరం కాకులకి పనికొస్తుంది. ఫుట్‌బోర్డు ఎక్కడానికి మోకాలు సహకరించని మనిషికి కాదు.

దగ్గర అన్నదాంట్లో ఇంకో రక్షణ కూడా ఉంది. ఈ వయసువాళ్ళని గాలం వేసి పట్టే మోసాల దారి దాదాపు ఒకటే. అవతలి మనిషి విదేశంలో ఇంజనీరో డాక్టరో అయ్యుంటాడు. నాలుగు రోజుల్లో మాటలు సైటు నుంచి వాట్సాప్‌కి మారతాయి. ఒక పార్సిల్ పంపానంటాడు, అది కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది, విడిపించడానికి డబ్బు కట్టాలంటారు. కట్టేశాక 1930కి ఫోన్ చెయ్యడం ఎలాగూ ఉంది. అంతకంటే ముందు, "రేపు సాయంత్రం ఐదింటికి ఉడిపి హోటల్లో కాఫీ తాగుదామా?" అని ఒక్క మాట అడిగితే చాలు. పక్క పేటలో ఉన్నవాడు వస్తాడు. లేనివాడికి ఏదో పని పడుతుంది.

ఫారాలనే అని ఏం లాభం? మన ఊహలోనే ఈ గడి లేదు. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహంలో పెళ్ళికూతురు చిన్నపిల్ల. ముందు బోలెడు జీవితం ఉంది కాబట్టి మళ్ళీ పెళ్ళి అన్నది ఆనాటి వాదం. బోలెడు జీవితం వెనకున్న ఆడవాళ్ళకి ఆ వాదంలో చోటు తక్కువ. కన్యాశుల్కంలో ముసలి వయసులో పెళ్ళికి సిద్ధపడ్డ లుబ్ధావధాన్లు నవ్వులపాలయ్యాడు, న్యాయంగానే, పసిపిల్లని కొనబోయాడు గనక. ఆ నవ్వు మాత్రం మనకి అలవాటైపోయి, ఏ ముసలి పెళ్ళిని చూసినా వచ్చేస్తోంది. శ్రీరమణ కథని తనికెళ్ళ భరణి 2012లో 'మిథునం'గా తీస్తే అందరం మురిసిపోయాం. మురిసింది ఆ ఇద్దరూ కలిసున్న రోజుల్ని చూసి. ఒకరు మిగిలాక వచ్చే సాయంత్రాల మీద మనకి కథలు అరుదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అత్తయ్య ఇల్లు నడిచేది మావయ్య తాలూకు ఫ్యామిలీ పెన్షన్ మీద. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం, పిల్లలున్న భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది ఆగిపోతుంది. సొంత సర్వీసు పెన్షన్ తీసుకునే మగవాడు ఎన్నిసార్లు పెళ్ళాడినా అతని పెన్షన్‌కి ఢోకా లేదు. అంటే పెళ్ళి తప్ప వేరే గమ్యం లేని సైటు, ఆమెని నెలనెలా తినే తిండి పందెం కాయమంటోంది. "పెళ్ళీ గిళ్ళీ కాదు" అన్నమాటలో సిగ్గు వెతికేవాళ్ళకి ఈ లెక్క తెలీదు.

బావకి ఫోన్‌లో చెబితే, "అమ్మకేం తక్కువ చేశామని?" అన్నాడు. నిజమే, తక్కువేం చెయ్యలేదు. హాల్లో కెమెరా పెట్టించాడు, అక్కణ్ణుంచే రోజూ చూసుకుంటాడు. అత్తయ్యకి ఆ మాట చేరింది. "వాడు మంచివాడేరా. కానీ వాడు డల్లాస్‌లో ఉన్నాడు, నేను తార్నాకలో ఉన్నాను" అంది. కోపం లేదు, ఫిర్యాదు లేదు. చిరునామా చెప్పినట్టు చెప్పింది.

చివరికి నేను ఆమెకి ఒక సైటు పేరు ఇవ్వలేదు. మూడు ప్రశ్నలు రాసిచ్చాను. ప్రొఫైల్ నువ్వే రాసుకోవచ్చా? పెళ్ళి కాకుండా స్నేహం, తోడు అని కూడా ఎంచుకోవచ్చా? చేరినవాళ్ళ గుర్తింపు కార్డులు చూసి, మనుషుల్ని నలుగురిలో ఎదురుగా కలిపే ఏర్పాటు ఉందా? లక్షల ప్రొఫైళ్ళున్న సైట్లలో చాలావరకు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. మూడోదానికి బదులిచ్చేవి చిన్న సంస్థలే. హైదరాబాద్‌లో రాజేశ్వరి గారు 2010లో మొదలుపెట్టిన 'తోడు నీడ' అలాంటిది. అక్కడ పెద్దవయసువాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఎంతమంది ఉన్నారన్నది ఈ వయసులో పెద్ద లెక్క కాదు. ఒక్కరు చాలు, బస్సు మారకుండా కలిసే చోట ఉంటే.

తన గురించి రాసుకోమంటే అత్తయ్య నాలుగు వాక్యాలు రాసింది. నేను మర్యాదగా ఉంటుందని సూచించిన 'జీవిత భాగస్వామి' కొట్టేసి 'తోడు' అని పెట్టింది. వంట బాగా చేస్తానన్న ముక్క ఎక్కడా లేదు. నడక ఇష్టం, పాత పాటలు ఇష్టం, ఇల్లు మారను అని ఉంది. ఆఖరి వాక్యం: రాత్రి ఎనిమిదికల్లా మా ఇంటికి నేను వచ్చెయ్యాలి.

బావకి ఆ నాలుగు వాక్యాలూ ఫోటో తీసి పంపించింది. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.