దిబ్బలో దొరికిన క్రియ

నేనుండే యార్క్‌షైర్ కొండల్లో పాత రాతి క్వారీలను ‘డెల్ఫ్’ అంటారు. మ్యాపు తెరిస్తే ఆ మాట తరచూ కనిపిస్తుంది. సాడిల్‌వర్త్ ప్రాంతంలో ఏకంగా ఒక ఊరి పేరే డెల్ఫ్. ‘డెల్వ్’ అనే పాత క్రియకు అది తోబుట్టువు. ఒక విషయం లోతుల్లోకి వెళ్లి వెతకడమని మనం బళ్లో నేర్చుకున్నాం గానీ, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో ‘డెల్ఫన్’ అంటే అచ్చంగా మట్టి తవ్వడమే. 1381 రైతుల తిరుగుబాటులో జాన్ బాల్ అనే మతబోధకుడు, ఆదాము నేల తవ్వుకుని బతికిన రోజుల్లో దొరలెక్కడున్నారని జనాన్ని అడిగింది ఈ మాటతోనే. డచ్చి భాషలో ‘డెల్వెన్’ అంటే ఈనాటికీ తవ్వడమే. తవ్విన కాలువ వల్లే డెల్ఫ్ట్ నగరానికి ఆ పేరొచ్చింది. ఇంగ్లిషులో మాత్రం పార పట్టే పనంతా ‘డిగ్’ చేతికి పోయి, డెల్వ్‌కు వెతుకులాట మిగిలింది.

మా భట్టిప్రోలు దిబ్బ దగ్గర ఈ రెండు అర్థాలూ నాకు విడివిడిగా కనబడవు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలో, పొలాల మధ్య ఉంటుంది మా ఊరు. ఆ దిబ్బ ఒకప్పుడు అడుగున సుమారు 148 అడుగుల వ్యాసమున్న మహాస్తూపం. 19వ శతాబ్దంలో దాని ఇటుకలూ రాళ్లూ రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. అదీ తవ్వకమే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వింది తెలుసుకోవడానికి. లోపల అక్షరాలు చెక్కిన రాతి పెట్టెలు, స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు దొరికాయి. ఆ అక్షరాలను చదివినవాడు వియన్నాలో ప్రొఫెసరుగా ఉన్న గియోర్గ్ బ్యూలర్. ఆ లిపి అశోకుడి బ్రాహ్మికి దగ్గరిదే అయినా, ఇందులో ‘మ’ తలకిందులుగా ఉంటుంది. హల్లులో అకారం ఉందని చెప్పడానికి కూడా ఒక గీత గీశారు.

మన వాళ్లు ఈ లిపి గురించి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. నా మనసు మాత్రం ఆ పెట్టెల మీది ప్రాకృతంలోని ఒక్క క్రియ దగ్గర ఆగిపోతుంది: ‘నిఖేతు’. ఉంచడానికి, దాచడానికి అని అర్థం. కూర అనే మనిషి, అతని అమ్మానాన్నలు, సివ అనే మరొకరు కలిసి బుద్ధుడి ధాతువులను ఉంచడానికి పెట్టె, స్ఫటికపు భరిణె చేయించారట. సంస్కృతంలో అది ‘నిక్షేప్తుం’, కింద పెట్టడమనే క్రియ నుంచి వచ్చింది. మన ‘నిక్షేపం’ పుట్టిందీ అక్కడి నుంచే. నేలలో దాచిన ధనం నిక్షేపం. పదిలంగా దాచినదానికి ఏ చేటూ రాదు కాబట్టే కాబోలు, పిల్లలెలా ఉన్నారని అమ్మ ఫోన్లో అడిగితే “నిక్షేపంగా ఉన్నారమ్మా” అంటాను. రెండువేల ఏళ్లకు పైబడిన రాతి మీది మాట, రూపం మార్చుకుని, సముద్రాలు దాటి మా ఇంట్లో రోజూ పలుకుతోంది.

దాచిన చోట మాత్రం ఆ నిక్షేపం లేదు. పెట్టెలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంకు చేరాయి. ధాతువుల్లో కొన్నిటిని 1920లో కలకత్తా ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. అవి తిరిగి రావాలా వద్దా అన్నది పెద్ద చర్చ. నేను అడిగేది అంతకంటే చిన్నది. ఆ శాసనాల అక్షరాలను పిల్లలు వేలితో దిద్దేంత పెద్దవిగా రాతి మీద చెక్కించి, ప్రతి మాట కిందా తెలుగు అర్థం రాసి, స్తూపం పక్కన నిలబెట్టాలి. ఖర్చులో నా వంతు నేనిస్తాను. ఇక్కడ యార్క్‌షైర్‌లో ఉన్న మన వాళ్లను అడగడం కూడా మొదలుపెట్టాను.