చీటీ మారిస్తే చాలదు

పిల్లలూ, మా చెల్లెలు ఈమెయిలులో పంపిన పాపాయి ఫోటో మా అమ్మ కంప్యూటరులో ఎంతకూ తెరుచుకోలేదు. మనుమరాలి మొహం చూడక ఆవిడ రెండు రోజులు బెంగపెట్టుకున్నది. ఫోటో చెడిపోయిందా? లేదు. దాని పేరు చివర, చుక్క తరువాత, "హెచ్.ఇ.ఐ.సి." అని ఉన్నది. 2017 నుంచి కొన్ని ఫోనులు ఫోటోలను ఈ పద్ధతిలో దాస్తున్నాయి, చోటు తక్కువ పడుతుంది కనుక. చాలా పాత కంప్యూటర్లకు ఆ పద్ధతి తెలియదు. చెల్లెలు ఫోటోను జేపెగ్ పద్ధతిలోకి మార్చి పంపగానే తెరుచుకున్నది.

పేరు చివరి అక్షరాలు మారిస్తే చాలదు సుమా! డబ్బామీది చీటీ మారిస్తే ఉప్పు పంచదార అవుతుందా? లోపలి సరుకే మారాలి. రాసిన కాగితాలైతే పీడీఎఫ్‌గా పంపండి. అది 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. ఏది పంపినా, అందుకునేవారు తెరవగలరా అని ముందే ఆలోచించండి.