ఎవరి కోసం?

ఆడది వీధిలో ఊరికే నిలబడితే ఎవరి కోసమని అడుగుతారు. వివియన్ మేయర్ షికాగోలో పిల్లల్ని సాకే ఆయా. ఆ పిల్లల్ని వెంటేసుకుని, మెడలో రోలీఫ్లెక్స్ కెమెరాతో వీధులు తిరిగింది. దానిలోకి తలవంచి చూడాలి. తలవంచుకు నడవమని మనకి నేర్పినవాళ్ళు ఈ సదుపాయం ఊహించి ఉండరు! లక్షకు పైగా ఫోటోలు తీసి దాదాపు ఎవరికీ చూపలేదు. దాచిన చోటుకి అద్దె కట్టలేక పోగొట్టుకున్న పెట్టెలు 2007లో వేలానికొచ్చాయి. 2009లో ఆమె చనిపోయాకే లోకానికి తెలిసింది. అంతా దీన్ని విషాదగాథగా చెబుతారు. దుకాణాల అద్దాల్లో తనని తాను తీసుకున్న ఆ నిదానమైన ముఖంలో నాకు విషాదం కనపడదు. పిహెచ్.డి. మొదలుపెట్టిన నాటి నుంచీ నా ప్రతి వాక్యం ఏదో సెమినార్ కోసమో, ఇంటర్వ్యూలో మార్కుల కోసమో రాసిందే. ఈమధ్య కోఠి బస్టాపులో రెండు బస్సులు వదిలేసి, చూసినవి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించలేదు.