సముద్రం అడుగున నడిచిన నీరు

సిసిలీ తూర్పు తీరాన, సిరక్యూస్ నగరంలోని ఒర్టీజియా అనే చిన్న దీవి అంచున, ఉప్పు సముద్రానికి కొన్ని అడుగుల దూరంలోనే ఒక ఊట ఉంది. గుండ్రటి రాతి గోడల నడుమ, ప్రాచీనులు రాతకు వాడిన పపైరస్ మొక్కలు అందులో గుబురుగా పెరుగుతాయి. గ్రీకు పురాణం ప్రకారం ఈ ఊట అరెతూసా అనే జలకన్య. గ్రీసులోని ఆల్ఫియస్ నదీదేవుడు మోహించి వెంటాడగా, ఆమె వేటదేవత ఆర్టెమిస్‌ను శరణు వేడి, నీరుగా మారి, సముద్రం కిందుగా సాగి ఇక్కడ పైకి ఉబికింది. నది కూడా ఆమె వెంటే వచ్చిందంటారు. ఒలింపియా దగ్గర ఆ నదిలో వేసిన గిన్నె ఈ ఊటలో తేలిందన్న నమ్మకాన్ని భూగోళవేత్త స్ట్రాబో నమోదు చేసి, అది అసాధ్యమని వాదించాడు.

అయితే క్రీ.పూ. 8వ శతాబ్దిలో కొరింత్ నుంచి ఓడలెక్కి వచ్చి ఈ నగరాన్ని స్థాపించిన వలసదారులకు, వదిలివచ్చిన నేల నీరే తమ వెంట వచ్చిందన్న ఊహ ఎంత ధైర్యాన్ని ఇచ్చి ఉంటుందో ఆలోచించవలసిందే. వారి సంతతి తమ వెండి నాణేలపై అరెతూసా ముఖాన్ని, దాని చుట్టూ ఈదే డాల్ఫిన్లను ముద్రించుకుంది. స్ట్రాబో తర్కం సరైనదే. కాని దాహం తీర్చిన నీటికి ముఖమిచ్చి, పేరుపెట్టి, పూజించిన ఆ కృతజ్ఞత కూడా అంతే సరైనది.